జెనీవాలో మీటింగుకు పిలుపు వచ్చిందా? ఏ కాగితం ఎవరి కోసమో ముందు తెలుసుకోండి

"లెటర్ వచ్చేసింది అన్నా, ఇంక టికెట్ కొనేయొచ్చు కదా?"

అనంతపురం జిల్లాలో చేనేత మహిళల సంఘాలతో పనిచేసే ఒక చెల్లెలు ఫోన్ చేసి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సు జరిగే రోజుల్లో, దానికి అనుబంధంగా పెట్టిన ఒక చర్చలో మాట్లాడమని ఆమెను పిలిచారు. దేశం దాటడం ఆమెకు అదే మొదటిసారి. "కొనొద్దమ్మా, కాస్త ఆగు" అన్నాను. ఎందుకు ఆగాలో చెప్పేసరికి గంటన్నర పట్టింది. ఆ తర్వాత ఇదే ప్రశ్న ఇంకో ముగ్గురు నలుగురు అడిగారు. వాళ్లలో ఒకరు డాక్టరు, ఒకరు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. చదువు ఎంత ఉన్నా చిక్కు పడేది ఒకేచోట అని అప్పుడు అర్థమైంది.

అదేమిటంటే, మనం దీన్ని ఒక ప్రయాణం అనుకుంటాం. అవతలివైపు చూస్తే నలుగురు వేర్వేరు మనుషులు నాలుగు వేర్వేరు తలుపుల దగ్గర నిలబడి ఉంటారు. మనల్ని పిలిచిన సంస్థ వీసా ఇవ్వలేదు. వీసా ఇచ్చిన రాయబార కార్యాలయం సరిహద్దు దగ్గర ఉండదు. సరిహద్దు దాటనిచ్చిన అధికారికి మీటింగు జరిగే భవనం గేటుతో సంబంధం లేదు. ఆ గేటు దగ్గరున్న సెక్యూరిటీ వాళ్లకు మీ పాస్‌పోర్టులో వీసా ఉందా లేదా అన్నది అసలు పట్టదు, వాళ్ల జాబితాలో మీ పేరు ఉందా అన్నదే చూస్తారు. ఒక తలుపు దగ్గర పనిచేసిన కాగితం ఇంకో తలుపు దగ్గర సరిపోతుందని అనుకోవడం వల్లే టెన్షన్ అంతా. జెనీవాను ఉదాహరణగా తీసుకుంటున్నాను కానీ, షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, ఏ ఊళ్లో మీటింగు ఉన్నా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

పిలుపు

ఆహ్వాన లేఖ ఎంత గౌరవంగా రాశారన్నది వీసా అధికారికి అవసరం లేదు. అందులో కొన్ని వివరాలు సూటిగా ఉండాలి. పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, మీటింగు పేరు, తేదీలు, జరిగే చోటు, అక్కడ మీరు చేసే పని. అన్నిటికంటే ముఖ్యం, ఖర్చు ఎవరిది? విమానం టికెట్ వాళ్లు కొంటున్నారా, హోటల్ ఎవరు కడుతున్నారు, రోజువారీ భత్యం ఇస్తున్నారా? "మీ రాకకు ఎదురుచూస్తున్నాం" అని మాత్రమే రాసి ఖర్చు మాట ఎత్తని లేఖలు చాలా వస్తాయి. అలాంటిది వస్తే మొహమాటపడకుండా తిరిగి రాయించుకోండి. నిర్వాహకులకు ఇది అలవాటైన పనే, ఎవరూ తప్పుగా అనుకోరు.

తెలుగువాళ్లకు పేరు దగ్గర ఇంకో ఇబ్బంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. పాస్‌పోర్టులో అది సర్‌నేమ్ గడిలో ఉందో, మొత్తం పేరు ఒకే గడిలో ఉందో చూసుకుని, రిజిస్ట్రేషన్‌లో, టికెట్‌లో, ఇన్సూరెన్స్‌లో అదే వరస పాటించండి. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే కౌంటర్ దగ్గర ఊరికే వివరణలు ఇచ్చుకోవాల్సి వస్తుంది.

పరిశోధకులకు ఒక హెచ్చరిక. వారానికో "అంతర్జాతీయ సదస్సు" ఈమెయిల్ వస్తూ ఉంటుంది. పంపిన రెండు రోజులకే వ్యాసం ఆమోదించారు, మీ రంగానికి సంబంధం లేని అంశాలన్నీ ఒకే సదస్సులో కలిపేశారు, వేదిక ఫలానా హాలు అని కాకుండా ఊరి పేరు ఒక్కటే ఇచ్చారు, ఫీజు మాత్రం ఈ వారంలోనే కట్టమంటున్నారు అంటే అది ఫీజు కోసమే పెట్టిన సదస్సు అని అనుమానించండి. మీ గైడ్‌నో, ఆ రంగంలో ఉన్న సీనియర్‌నో అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టేముందు, వీసా రాకపోతే డబ్బు వెనక్కిస్తారా అన్న షరతు కూడా చదవండి.

ప్రభుత్వ ఉద్యోగులకు వీసా కంటే ముందే ఇంకో తలుపు ఉంది, అది మన దేశంలోనే ఉంది. సెలవు, శాఖాపరమైన అనుమతి, ఎన్ఓసీ సంగతి అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లోని 6వ సెక్షన్. ప్రభుత్వ ఉద్యోగులు, జడ్జీలు, చట్టసభల సభ్యులు, రాజకీయ పార్టీల పదాధికారులు, ప్రభుత్వ యాజమాన్యంలో లేదా అదుపులో ఉన్న సంస్థల ఉద్యోగులు విదేశీ సంస్థ ఇచ్చే టికెట్టూ హోటలూ తీసుకోవాలంటే కేంద్రం ముందస్తు అనుమతి ఉండాలి. ఎఫ్‌సీ-2 అనే ఫారం ఆన్‌లైన్‌లో, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయాలి. టికెట్ వాళ్లే ఇస్తున్నారు కదా, మనకేం ఖర్చు అనుకుని దీన్ని వదిలేసినవాళ్లు తర్వాత సంజాయిషీలు రాసుకోవాల్సి వస్తుంది.

వీసా

స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. కానీ 2008 నుంచి షెంగెన్‌లో ఉంది. ఈ రెండూ వేరని గుర్తుపెట్టుకోండి, తర్వాత ఫోన్ సిమ్ దగ్గర కూడా పనికొస్తుంది. షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలు. ఒక దేశం ఇచ్చిన వీసాతో మిగతా దేశాలన్నీ తిరగొచ్చు. అలాగని దరఖాస్తు ఇచ్చే అపాయింట్‌మెంట్ స్లాట్ ఎక్కడ దొరికితే ఆ దేశానికి దరఖాస్తు పెట్టకూడదు. ప్రయాణంలో అసలు పని ఏ దేశంలో ఉందో, ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. రోజులూ పనీ రెండు దేశాల్లోనూ సమానమైతే, ముందు అడుగుపెట్టే దేశానికి. జెనీవాలో మీటింగు పెట్టుకుని, స్లాట్ దొరికిందని ఇంకో దేశానికి దరఖాస్తు పెడితే ఆ ఆహ్వాన లేఖే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టొచ్చు, 15 రోజుల ముందు వరకే పెట్టాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమనుకుంటే 45 రోజుల వరకు తీసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. కాబట్టి నా లెక్క రెండు నెలలు. జూన్ మీటింగుకు ఏప్రిల్ మొదట్లో ఫైలు లోపలికి వెళ్లిపోవాలి. అప్పటికి ఎండాకాలం సెలవులకు యూరప్ వెళ్లే కుటుంబాలన్నీ అవే స్లాట్ల కోసం చూస్తుంటాయి. పైగా ఆ రోజులన్నీ మీ పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది, మధ్యలో ఇంకో దేశం వెళ్లే పని పెట్టుకోవద్దు.

హైదరాబాద్‌లో వీఎఫ్ఎస్ అనే, వీసా దరఖాస్తులు తీసుకునే కంపెనీ కేంద్రానికి వెళ్లి కాగితాలు, వేలిముద్రలు, ఫొటో ఇస్తాం. అక్కడ కూర్చున్నవాళ్లు వీసా ఇచ్చేవాళ్లు కాదు. కాగితాలు తీసుకుని పంపడమే వాళ్ల పని. "కౌంటర్‌లో అమ్మాయి అన్నీ బాగున్నాయంది" అన్న మాట మీద ఆధారపడి టికెట్ కొనేయకండి. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు పనికొస్తాయి, ఆలోపు మళ్లీ దరఖాస్తు పెడితే మామూలుగా కొత్తగా తీయరు.

ఇప్పుడు టికెట్ సంగతి. దరఖాస్తుకు కావాల్సింది రిజర్వేషన్. పూర్తిగా డబ్బు కట్టి, రద్దు చేస్తే ఏమీ తిరిగిరాని టికెట్ అవసరం లేదు. నిర్వాహకులే టికెట్ కొంటుంటే వాళ్ల ట్రావెల్ ఏజెన్సీ నుంచి ప్రయాణ వివరాల కాగితం తెప్పించుకోండి. మీరే కొంటుంటే డబ్బు తర్వాత కట్టే వీలున్న బుకింగ్‌తో సరిపెట్టి, వీసా వచ్చాక ఖాయం చేయండి. నా సలహా దీని మీద గట్టిగానే ఉంటుంది. 60, 70 వేలు పోగొట్టుకుని, మీటింగుకూ వెళ్లలేక బాధపడినవాళ్లను చూశాను.

వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు, రూపాయల్లో కడతాం. వీఎఫ్ఎస్ సర్వీసు చార్జీ వేరే. ఎక్కువమందికి తెలియని విషయం ఒకటుంది. శాస్త్రీయ సదస్సుకో, సెమినార్‌కో వెళ్లే పరిశోధకులకు షెంగెన్ వీసా నియమావళి ప్రకారం ఈ ఫీజు లేదు. లాభాపేక్ష లేని సంస్థల తరఫున సెమినార్లకు, సదస్సులకు వెళ్లే 25 ఏళ్లలోపు వాళ్లకూ లేదు. సర్వీసు చార్జీ మాత్రం కట్టాలి. యూనివర్సిటీ లెటర్‌లో "పరిశోధకురాలు" అన్న మాట, ఆహ్వానంలో "సైంటిఫిక్ కాన్ఫరెన్స్" అన్న మాట స్పష్టంగా ఉంటే అడగడానికి ఆధారం దొరుకుతుంది. పీహెచ్‌డీ స్టైపెండ్ మీద బతికే పిల్లలకు అది చిన్న మొత్తమేమీ కాదు.

పాస్‌పోర్టు గత 10 ఏళ్లలోపు జారీ అయినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా తీసుకోవాలి.

డబ్బు రుజువు దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటి ఉంది. దరఖాస్తుకు వారం ముందు బావగారి దగ్గరో, చిట్టీ పాట పాడో మూడు లక్షలు తెచ్చి ఖాతాలో వేస్తారు. స్టేట్‌మెంట్ చూసే అధికారికి ముందు కనబడేది ఆ మొత్తమే. నెలనెలా జీతం పడుతూ, అద్దె పోతూ, మామూలుగా కదిలే ఖాతాలో తక్కువ డబ్బున్నా నమ్మకం కలుగుతుంది. సొంత ఖర్చుతో వెళ్లేవాళ్లు రోజుకు సుమారు 100 స్విస్ ఫ్రాంకులు చూపించాలన్నది స్విట్జర్లాండ్ పెట్టుకున్న కొలమానం. నిర్వాహకులు ఖర్చు భరిస్తుంటే వాళ్ల లేఖే ఇక్కడ పనిచేస్తుంది. ఖర్చు ఎవరిదో లేఖలో రాయించమని ముందే చెప్పింది ఇందుకే.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి, అప్పీలు హక్కు కూడా ఉంది. ఒకసారి తిరస్కరించారు కాబట్టి రెండోసారి దానంతటదే తిరస్కరించడం ఉండదని నియమావళిలోనే రాసుంది. ఆ కారణాన్ని సరిదిద్ది మళ్లీ పెట్టొచ్చు. పాత తిరస్కరణను దాచిపెట్టడం మాత్రం చేయొద్దు.

స్టిక్కర్ చదవడం

వీసా వచ్చిందన్న సంతోషంలో దాన్ని ఎవరూ చదవరు. ఆ చెల్లెలికి నేను ఎక్కువసేపు చెప్పింది దీని గురించే, ఇక్కడా కాస్త నెమ్మదిగా చెప్తాను.

పాస్‌పోర్టులో అతికించే వీసా స్టిక్కర్ మీద మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్న తేదీలు. ఎన్నిసార్లు లోపలికి రావచ్చు అన్న అంకె. ఎన్ని రోజులు ఉండొచ్చు అన్న అంకె. మన కళ్లు తేదీల మీదే ఆగిపోతాయి.

ఉదాహరణకు మీటింగు జూన్ 15 నుంచి 18 వరకు. మీరు 14న దిగి 19న తిరుగు విమానం ఎక్కుతారు. స్టిక్కర్ మీద జూన్ 14 నుంచి జూలై 4 వరకు అని ఉండొచ్చు, రోజుల దగ్గర 6 అని ఉండొచ్చు. అంటే జూలై 4 వరకు ఉండొచ్చని కాదు. విమానం రద్దయినా, మీటింగు తేదీ మారినా ఇబ్బంది పడకుండా తేదీలకు 15 రోజుల వెసులుబాటు కలుపుతారు. ఆ తేదీల మధ్య ఎప్పుడైనా సరే, ఉండాల్సింది 6 రోజులే. దిగిన రోజు ఒకటి, వెళ్లే రోజు ఒకటి, రెండూ పూర్తి రోజులుగానే లెక్క. రాత్రి 11:50కి దిగినా ఆ రోజు మీ ఖాతాలో పడిపోయినట్టే.

దరఖాస్తులోనే ఒకటి రెండు రోజులు అదనంగా చూపించడం తెలివైన పని. మీటింగు అయ్యాక ఒకరోజు మోంత్రో వైపు సరస్సు చూసొస్తాను అని నిజాయితీగా ప్లాన్‌లో రాస్తే తప్పేమీ లేదు.

ఎన్నిసార్లు అన్నచోట 1 అని ఉంటే, షెంగెన్ బయటికి ఒకసారి వెళ్తే మళ్లీ రాలేరు. జెనీవా నుంచి పక్కనే ఉన్న ఫ్రాన్స్ వెళ్లి రావడానికి ఇది అడ్డు కాదు, రెండూ షెంగెన్‌లోవే. లండన్‌లో ఉన్న అన్నయ్యను రెండు రోజులు చూసి మళ్లీ జెనీవా వచ్చి విమానం ఎక్కుదామనుకుంటే మాత్రం కుదరదు. అలాంటి ఆలోచన ఉంటే దరఖాస్తులోనే రెండు లేదా అంతకంటే ఎక్కువ ప్రవేశాలు అడగాలి, బ్రిటన్ వీసా వేరుగా తీసుకోవాలి.

సరిహద్దు

పాస్‌పోర్టు తనిఖీ మీరు షెంగెన్‌లో మొదట దిగే ఊళ్లో జరుగుతుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్తే జెనీవాలో. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. అక్కడి నుంచి జెనీవా విమానం మన హైదరాబాద్–తిరుపతి విమానం లాంటిదే, దిగాక ఇమిగ్రేషన్ ఉండదు. దీనివల్ల రెండు జాగ్రత్తలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారడానికి ఉన్న గంటంపావు టికెట్ మీద సరిపోయినట్టు కనబడినా, ఇమిగ్రేషన్ క్యూలోనే ఆ సమయం కరిగిపోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు కనీసం మూడు గంటలు పెట్టుకోండి. రెండోది, ఆహ్వాన లేఖ, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు చేతి బ్యాగులోనే ఉండాలి. వీసా ఉన్నా సరిహద్దు అధికారి ఇవన్నీ మళ్లీ అడగొచ్చు, అడిగే అధికారం ఆయనకుంది. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టేస్తే అవి అప్పటికి ఇంకో విమానం వైపు వెళ్లిపోయి ఉంటాయి. లండన్ మీదుగా టికెట్ తీసుకునేవాళ్లు బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలా అన్నది కొనేముందే చూసుకోవాలి. షెంగెన్ వీసా ఉంది కదా అనుకోవడానికి లేదు.

2025 అక్టోబర్ 12న ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే పాత పద్ధతి స్థానంలో మీ రాకపోకలు కంప్యూటర్‌లో నమోదవుతాయి. ముద్ర సరిగా పడలేదు, ఎవరూ చూడరు అనే రోజులు పోయాయి, ఒక్కరోజు ఎక్కువ ఉన్నా లెక్క తేలుతుంది. దీనితో పాటు ఈటియాస్ అనే ఇంకో పేరు వినిపిస్తోంది. అది వీసా అక్కర్లేని దేశాల పౌరుల కోసం. భారతీయ పాస్‌పోర్టుతో వీసా తీసుకుని వెళ్లే మనకు వర్తించదు. ఈటియాస్ తీసిపెడతాం, డబ్బు కట్టండి అని ఎవరైనా అంటే కట్టకండి.

గేటు

జెనీవాలో ఐక్యరాజ్యసమితి ప్రధాన భవనం పలే ద నాసియోఁ. దాని ముందు చౌరస్తాలో ఒక కాలు విరిగిన పెద్ద చెక్క కుర్చీ ఉంటుంది, 12 మీటర్ల ఎత్తు. మందుపాతరలకు కాళ్లు పోగొట్టుకున్నవాళ్ల కోసం 1997లో నిలబెట్టిన శిల్పం అది. ట్యాక్సీ డ్రైవర్‌కైనా, దారిన పోయేవాళ్లకైనా గుర్తుగా చెప్పడానికి అదే పనికొస్తుంది.

లోపలికి వెళ్లాలంటే ఇండికో అనే ఆన్‌లైన్ విధానంలో ముందే రిజిస్టర్ అయి, ఆమోదం ఈమెయిల్ వచ్చి ఉండాలి. ఆ కాగితమూ, అసలు పాస్‌పోర్టూ చూపిస్తే ప్రెన్యీ గేటు దగ్గర ఫొటో తీసి బ్యాడ్జి ఇస్తారు. పాస్‌పోర్టు జిరాక్స్ చూపిస్తే ఒప్పుకోరు. పెద్ద సదస్సు మొదటి రోజు ఉదయం ఆ లైను చాలా పొడుగ్గా ఉంటుంది. ముందు రోజు మధ్యాహ్నం బ్యాడ్జీలు ఇస్తారేమో నిర్వాహకులను అడిగి, ఇస్తే అప్పుడే తెచ్చుకోండి. సూట్‌కేసు లాక్కుంటూ గేటు దగ్గరికి వెళ్లొద్దు. హోటల్‌లో వదలండి, లేకపోతే కోర్నవాఁ రైల్వే స్టేషన్‌లో లాకర్లు ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ, మేధోసంపత్తి సంస్థ, వాణిజ్య సంస్థ, వీటన్నిటికీ వేర్వేరు భవనాలు, వేర్వేరు గేట్లు, వేర్వేరు రిజిస్ట్రేషన్లు. ఒకదాని బ్యాడ్జి ఇంకోచోట చెల్లుతుందని అనుకోవద్దు. ఆ చెల్లెలి కార్యక్రమం ఒక భవనంలో, ఆమె వినాలనుకున్న సదస్సు ఇంకో భవనంలో. ఆ సంగతి ఆమె ముందే కనుక్కుంది కాబట్టి రెండూ చూడగలిగింది.

సమయం విషయంలో ఒక్కమాట. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం వరకు జెనీవా మనకంటే మూడున్నర గంటలు వెనక. చలికాలంలో నాలుగున్నర గంటలు. ఇక్కడి నుంచి ముందస్తు జూమ్ కాల్స్‌లో చేరేవాళ్లు ఆ మారే వారాల్లో పొరబడతారు. అక్కడ 10 గంటలంటే 10 గంటలే, తలుపు దగ్గర పలకరింపులు అంతకుముందే అయిపోవాలి.

ఊరు

విమానాశ్రయం నుంచి కోర్నవాఁ స్టేషన్‌కు రైల్లో 7 నిమిషాలు. ఐక్యరాజ్యసమితి వైపు నేరుగా వెళ్లాలంటే 5వ నంబరు బస్సు. కోర్నవాఁ నుంచి నాసియోఁ స్టాపుకు 15వ నంబరు ట్రామ్. హోటల్‌లో, హాస్టల్‌లో దిగేవాళ్లకు ఉన్నన్ని రోజులూ బస్సు, ట్రామ్, ఊళ్లో రైలు ఉచితంగా తిరిగే ట్రాన్స్‌పోర్ట్ కార్డు ఇస్తారు. చాలా హోటళ్లు దాన్ని ఈమెయిల్‌లో ముందే పంపుతాయి. రాకపోతే బయల్దేరే ముందు అడిగి తెప్పించుకోండి, మొదటి ప్రయాణానికే పనికొస్తుంది. ట్రామ్ ఎక్కేటప్పుడు టికెట్ ఎవరూ అడగరు, గేట్లూ ఉండవు. కానీ తనిఖీ వాళ్లు ఎప్పుడైనా ఎక్కుతారు, జరిమానా గట్టిగానే ఉంటుంది.

గది అద్దెలు చూసి గుండె జారిపోతే, సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లో ఆన్‌మాస్, ఫెర్నే-వోల్తేర్ లాంటి ఊళ్లు చూడండి. ఆన్‌మాస్ నుంచి 2019 డిసెంబర్‌లో మొదలైన లేమాన్ ఎక్స్‌ప్రెస్ రైళ్లు జెనీవాలోకి వస్తాయి, 17వ నంబరు ట్రామ్ కూడా ఉంది. వేలమంది రోజూ అలా వచ్చి పనిచేసి వెళ్తారు. అయితే ఫ్రాన్స్ హోటల్‌కు జెనీవా ఉచిత కార్డు రాదు. వీసా దరఖాస్తులో హోటల్ ఫ్రాన్స్‌లో, మీటింగు స్విట్జర్లాండ్‌లో అని కనబడుతుంది కాబట్టి, అసలు పని జెనీవాలోనే అని, ఖర్చు తగ్గించుకోవడానికి అక్కడ ఉంటున్నామని కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యం రాయండి.

ఫోన్ సంగతి ముందే సూచించాను. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి "యూరప్" పేరుతో అమ్మే కొన్ని సిమ్‌లు, ప్యాకులు అక్కడ పనిచేయవు. కొనేముందు దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ పేరు చూడండి. జెనీవా అంచుల్లో ఫోన్ ఫ్రాన్స్ టవర్‌ను పట్టుకుంటూ ఉంటుంది, కాబట్టి రెండు దేశాలూ ఉన్న ప్యాక్ మేలు. బ్యాంకు ఓటీపీలు మీ ఇండియా నంబరుకే వస్తాయి. ఆ సిమ్‌ను ఫోన్‌లో ఉంచి, రోమింగ్ ఆన్ చేయించుకుని బయల్దేరండి.

డబ్బు స్విస్ ఫ్రాంకుల్లో. ఒక ఫ్రాంకు విలువ 100 రూపాయలు దాటింది. మామూలు రెస్టారెంట్‌లో మధ్యాహ్న భోజనం 20 నుంచి 30 ఫ్రాంకులు అవుతుంది, సంస్థల క్యాంటీన్లలో కొంత నయం. కార్డు దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది. యూపీఐ మీద ఆధారపడొద్దు. దుకాణాల్లో కనిపించే ట్వింట్ అనే చెల్లింపు యాప్ స్థానిక బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకే. కార్డు మెషీన్ "రూపాయల్లో కడతారా, ఫ్రాంకుల్లోనా" అని అడిగితే ఎప్పుడూ ఫ్రాంకులే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లు పెట్టినదే. మన దగ్గర నుంచి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే విదేశీ నోట్లు తీసుకెళ్లొచ్చు, మిగతాది విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డులో ఉండాలి. వారం రోజుల మీటింగుకు 150, 200 ఫ్రాంకుల నోట్లు చాలు.

ఇంటి నుంచి తీసుకెళ్లే తిండి గురించి అమ్మలకు చెప్పాలి. మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి తీసుకెళ్లకూడదు. గోంగూర మటన్ పచ్చడి లాంటి మాంసం ఉన్నవన్నీ ముందు తీసేయండి. పాలకోవా, పనీర్, నెయ్యి డబ్బా కూడా వద్దు. కరివేపాకు, మామిడికాయల లాంటి పచ్చివాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. జంతికలు, కారప్పొడులు, నూనెతో పెట్టిన ఆవకాయ, అటుకుల చుడువా ఇవి హాయిగా తీసుకెళ్లండి. ఎండుకొబ్బరి విమానాల్లో ప్రమాదకర వస్తువుల కింద లెక్క, దాన్ని పూర్తిగా మానేయండి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి. మందులు నెలకు సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో.

కరెంటు మనలాగే 230 వోల్టులు. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ అక్కడి సాకెట్‌లో పడుతుంది. మన లావు మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్ పడదు. స్విట్జర్లాండ్ సాకెట్ గుంటలా ఉంటుంది కాబట్టి జర్మనీ కోసం కొన్న గుండ్రటి అడాప్టర్ కూడా దూరదు. అడాప్టర్ స్విట్జర్లాండ్‌కే అని అడిగి కొనండి.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారం రాత్రి దిగేవాళ్లకు ఆదివారం కోర్నవాఁ స్టేషన్‌లో, విమానాశ్రయంలో ఉన్న దుకాణాలే దిక్కు. కుళాయి నీళ్లు తాగొచ్చు, వీధిలో ఫౌంటెన్ నీళ్లూ తాగొచ్చు, తాగకూడని చోట బోర్డు ఉంటుంది. ఖాళీ సీసా ఒకటి వెంట ఉంచుకోండి. బిల్లులో సర్వీసు కలిసే ఉంటుంది. చలికాలంలో సరస్సు మీంచి వీచే ఈశాన్య గాలిని బీజ్ అంటారు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. దుకాణంలోకి అడుగు పెట్టగానే "బోన్‌జూర్" అనండి. ఆ ఒక్క మాట తర్వాత చాలామంది ఇంగ్లీషులో సాయం చేస్తారు.

అత్యవసరమైతే 112. అంబులెన్సుకు 144, పోలీసులకు 117. పాస్‌పోర్టు పోతే జెనీవాలో భారత కాన్సులేట్ ఉంది, రాయబార కార్యాలయం బెర్న్‌లో. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు మీ ఈమెయిల్‌కు మీరే ఒకటి పంపి పెట్టుకోండి, ఇంట్లో ఒకరికి ఇవ్వండి.

తిరిగొచ్చాక

బోర్డింగ్ పాసులు పారేయకండి. నిర్వాహకులు డబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు అడుగుతారు, ఉద్యోగులను ఆఫీసులోనూ అడుగుతారు. మిగిలిన నోట్లు ఇక్కడ మార్చుకోవచ్చు, నాణేలు ఎవరూ తీసుకోరు, వాటిని విమానాశ్రయంలోనే కాఫీకి ఖర్చు పెట్టేయండి.

పాస్‌పోర్టు రెన్యువల్ చేసినా, ఆ వీసా ఉన్న పాతది భద్రంగా దాచండి. 2024 ఏప్రిల్ 18 నుంచి భారతీయులకు ఒక కొత్త పద్ధతి ఉంది. గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని, నియమం తప్పకుండా వాడుకున్నవాళ్లకు రెండేళ్లు చెల్లే, ఎన్నిసార్లైనా వెళ్లొచ్చే వీసా ఇవ్వొచ్చు. ఆ తర్వాత, పాస్‌పోర్టు గడువు ఉంటే, ఐదేళ్లది. ఆ చెల్లెలికి ఇప్పటికి ఒకటి అయింది. వచ్చే ఏడాది ఇంకో పిలుపు వచ్చేలా ఉందని మొన్న ఫోన్ చేసింది. ఈసారి టికెట్ గురించి అడగలేదు. లేఖలో ఖర్చు ఎవరిదో రాయించిందట.